పిల్లల చేతి డబ్బు

(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగపాఠము)



ఒక గ్రామము ఒక గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. ఒకనాడు ఒక ధనికుడు ఇచ్చిన పెద్ద విరాళముతో భవనము లేవవచ్చును గాని, గ్రంథాలయము బ్రతుకుట మాత్రము నెలనెల తప్పక చేరు చిన్న చందాలవలననే. చిన్న మొత్తము, క్రమము తప్పని చేయి, వ్రాసి ఉంచిన లెక్క — ఈ మూడును లేనిచోట ఏ సంస్థయు నిలువదు. ఏ సంసారమును నిలువదు. ఈ మూడింటిని మనుష్యుడు ఏ వయస్సున నేర్చుకొనవలెను? ఎవరివద్ద నేర్చుకొనవలెను? పిల్లల చేతికి డబ్బు ఇయ్యవచ్చునా, ఇయ్యరాదా అను ప్రశ్న పైకి స్వల్పముగా తోచినను, లోపల ఇంత పెద్ద విషయము దాగియున్నది.

పట్టణములవారు దీనిని పాకెట్ మనీ అందురు. పేరు క్రొత్తదేగాని వస్తువు క్రొత్తది కాదు. సంక్రాంతికి తాతగారు మనుమల అరచేతిలో పెట్టిన డబ్బు, తిరునాళ్లకు పోవునప్పుడు తండ్రి ఇచ్చిన చిల్లర, ఊరికి పోవుచు మేనమామ జేబులో కుక్కిపోయిన నోటు — ఇవి ప్రతి ఇంటను ఎరిగినవే. దసరా దినములలో విద్యార్థులు విల్లంబులు ధరించి గురువుగారి వెంట ఇంటింటికి పోవుటయు, గృహస్థులు గురువునకు డబ్బును పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చుటయు పెద్దలు మరువలేదు. కాని ఈ డబ్బంతయు పండుగ డబ్బు. వచ్చినప్పుడు వచ్చును, లేనప్పుడు లేదు. దానివలన సంతోషము కలుగును గాని శిక్షణ కలుగదు.

పూర్వపు నాణెములు మాత్రము ఒక విధముగా బడిపంతులు పని చేసినవి. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణులు, కాణీకి 3 దమ్మిడీలు. వెరసి రూపాయికి 192 దమ్మిడీలు. బేడ ఇచ్చి మూడు కాణుల బఠాణీలు కొన్న పిల్లవాడు తిరిగి ఎంత పుచ్చుకొనవలెనో అంగడి ముందు నిలిచి వ్రేళ్లు మడిచి లెక్కించుకొనవలసి వచ్చెడిది. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చి రూపాయికి 100 నయాపైసలైనవి. 1964లో ‘నయా’ అను మాట తొలగినది. 2011 జూన్ 30వ తేదీతో పావలాయు, అంతకు తక్కువ నాణెములును చెలామణినుండి తప్పుకొన్నవి. పిల్లవాని గుప్పిటకు సరిపోవు నాణెములు ఇట్లు ఒకటొకటిగా వెడలిపోయినవి.

2016లో యూపీఐ చెల్లింపులు వచ్చిన తరువాత నోటు సయితము అరుదగుచున్నది. తల్లి తన ఫోను పిల్లవాని చేతికిచ్చి అంగడికి పంపును. వాడు గీతల చతురస్రమునకు ఫోను చూపును, అంకెలు నొక్కును, సరుకు తెచ్చును. సంచి బరువు తగ్గినట్లు వానికి తెలియదు. చివరి నోటు విప్పునప్పుడు తండ్రి ముఖమున కనబడు తటపటాయింపును వాడు చూడడు. ఫోనులో డబ్బు ఊరుచుండునని పసివాడు భావించినచో తప్పు వానిది కాదు. ఆ ఫోనులోనే పందెపు ఆటలు చేరి ఎన్ని ఇండ్లను కలచినవో తెలిసిన సంగతియే. డబ్బు పందెములతో కూడిన ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025లో పార్లమెంటు చట్టము చేయవలసివచ్చినది. చట్టము వాకిలికి గడియ వేయగలదు గాని, డబ్బు విలువను చెప్పవలసినది ఇంటిలోనివారే.

ఇక ఆక్షేపణలు. మొదటిది — ‘డబ్బు చేతికిచ్చినచో పిల్లలు చెడిపోవుదురు’ అనునది. ఈ భయము నిరాధారము కాదు. బడి ప్రక్కనే పొగాకు పొట్లములు వ్రేలాడు అంగళ్లు లేకపోలేదు. బడికి నూరు గజముల లోపల పొగాకు సరుకులు అమ్మరాదనియు, 18 ఏండ్లు నిండనివారికి ఎక్కడను అమ్మరాదనియు 2003 నాటి చట్టము చెప్పుచున్నది. అయినను చేతిలో డబ్బు లేకుండుటయే పిల్లలను కాపాడునా?

ఈ ప్రశ్నకు గాంధీమహాత్ముని బాల్యమే ఒక సమాధానము. ఆయన తన ఆత్మకథలో దానిని దాచక వ్రాసినారు. బాలుడైన మోహనదాసునకును, అతని బంధువు ఒకనికిని పొగ త్రాగవలెనని కోరిక పుట్టెను. చేతిలో పైసా లేదు. మొదట పినతండ్రి త్రాగి పారవేసిన ముక్కలను ఏరిరి. అవి చాలకపోగా నౌకరుల చిల్లర డబ్బును దొంగిలించిరి. పెద్దల అనుమతి లేనిదే ఏ పనియు చేయరాని స్థితి వారికి దుర్భరమై, ప్రాణములు తీసికొనవలెనని ఉమ్మెత్త గింజలు వెదకువరకును పోయిరి. ధైర్యము చాలక మానిరి. చేతిలో డబ్బు లేదు గనుక తప్పు ఆగలేదు. తప్పు మరియొక త్రోవ వెదకుకొనెను.

అంతటితో కథ ముగియదు. పదునైదేండ్ల వయస్సున అన్నకు సుమారు 25 రూపాయల అప్పు పడెను. దానిని తీర్చుటకై అన్న చేతి బంగారు కడియమునుండి చిన్న తునక కత్తిరించి అమ్మిరి. అప్పు తీరెను గాని బాలుని మనస్సు నిలువలేదు. తప్పును కాగితముపై వ్రాసి, తగిన శిక్ష విధింపుమని కోరి, రోగశయ్యపైనున్న తండ్రి కరంచంద్ చేతికిచ్చెను. తండ్రి చదివెను. కన్నీరు జారి కాగితము తడిసెను. కొంతసేపు కన్నులు మూసికొని, కాగితమును చించివేసి, మరల మేను వాల్చెను. కొట్టలేదు, తిట్టలేదు. ఆ కన్నీరే బాలుని కడిగివేసినదని గాంధీజీ తలంచినారు.

చేతి ఖర్చు ఇచ్చియున్నచో ఈ దొంగతనములు జరుగకుండెడివని ఎవరును రూఢిగా చెప్పజాలరు. కాని రెండు విషయములు స్పష్టము. డబ్బు లేమి శీలమునకు కవచము కాదు. తప్పు జరిగినప్పుడు భయపడక వచ్చి చెప్పుకొనదగిన తండ్రి ఉండుటయే నిజమైన కవచము. డబ్బు ఇచ్చి లెక్క అడుగు తండ్రికి ఆ అవకాశము వారమువారము కలుగును. అసలు ఇయ్యని తండ్రికి పోపులపెట్టెలో డబ్బు తగ్గిన నాడుగాని సంగతి తెలియదు.

రెండవ ఆక్షేపణ — ‘అడిగినప్పుడెల్ల ఇచ్చుచున్నాము గదా, వేరుగా ఇయ్యనేల?’ అనునది. ఒక కౌలురైతు ఇంటిని ఊహించుకొనిన ఇందలి భేదము తెలియును. పదకొండేండ్ల పిల్లవాడు రోజును పది రూపాయలకై మారాము చేయును. తండ్రి కసరును, తల్లి చాటుగా ఇచ్చును. వారమునకు డెబ్బది రూపాయలు పోయినవి. పిల్లవాడు నేర్చినదేమి? ఏడ్చుట, అలుగుట, తండ్రికి తెలియకుండ తల్లివద్ద సాధించుట. అదే ఇంట ఆదివారమునాడు ముప్పది రూపాయలు తండ్రియే చేతిలో పెట్టి, ‘వారమంతకు ఇంతే, మరల ఆదివారముదాక అడుగరాదు’ అని చెప్పెననుకొందురు గాక. మొదటి వారము సోమవారమే చేయి ఖాళీయగును. మంగళవారము మొదలు శనివారమువరకు ఆ పిల్లవాడు నేర్చు పాఠమును ఏ పుస్తకమును నేర్పజాలదు. అప్పుడు తల్లి కరగి మరల పది రూపాయలు ఇచ్చినచో ఆ పాఠము వ్యర్థమగును. నాలుగవ వారమునకు వాడు ఐదు రూపాయలు మిగిల్చినచో, ఆ లెక్కన సంవత్సరమునకు 260 రూపాయలగును. తండ్రికి వారమునకు నలువది రూపాయలు కలిసివచ్చును. పిల్లవానికి తన డబ్బు, తన మాట, తన నిర్ణయము అను గౌరవము దక్కును.

మూడవది ఆక్షేపణ కాదు, ఆవేదన — ‘తినుటకే కష్టమైన ఇంట పిల్లలకు చేతి డబ్బెక్కడిది?’ అనునది. దీనికి ఉపన్యాసము సమాధానము కాదు. లేనప్పుడు ఇయ్యకుండుటలో సిగ్గు లేదు. అప్పు చేసి ఇచ్చుట అవివేకము. కాని లేమిని పిల్లలకు దాచనక్కరలేదు. కూలి ఎంత వచ్చినది, బియ్యమునకెంత, మందులకెంత, వడ్డీకెంత అని వారిని ప్రక్కన కూర్చుండబెట్టి చెప్పినచో, చేతికి రూపాయి ఇయ్యకయే రూపాయి విలువను నేర్పినట్లగును. చిన్న మొత్తముల బలమునకు నిదర్శనము తెలుగునాటనే ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాను ప్రతిఘటించిరి. ఆ ఉద్యమము వ్యాపించి 1993లో రాష్ట్రమున సారా నిషేధమునకు దారితీసెను. పిమ్మట ఆ జిల్లా స్త్రీలే పొదుపులక్ష్మి పేర గుంపులు కట్టి రోజుకొక రూపాయి దాచిరి. చదువురాని తల్లులు రోజుకొక రూపాయితో సంఘములు నిలుపగా, బడికి పోవు బిడ్డలు వారమునకొక రూపాయిని నిలుపజాలరా?

ఇచ్చుటకు నిశ్చయించినచో ఎట్లు ఇయ్యవలెను? అమెరికాలోని మహాధనవంతులలో ఒకడైన జాన్ డి. రాక్‌ఫెల్లర్ కుమారుడు, 1920లో తన పెద్దకొడుకుతో ఒక ఒడంబడిక వ్రాసికొనెను. వారమునకు ఒకటిన్నర డాలరు ఇచ్చుట. అందులో ఐదవవంతు దానమునకు, ఐదవవంతు పొదుపునకు తీసిపెట్టుట. ప్రతి ఖర్చును వ్రాయుట. లెక్క సరిగానున్నచో మరుసటి వారము పది సెంట్లు పెంచుట, లేనిచో పది సెంట్లు తగ్గించుట. కోట్లకు వారసుడైన బాలునకే ఇంత కొలత విధింపబడినది. ఇంతటి కాఠిన్యము ఇక్కడి ఇండ్లకు పొసగకపోవచ్చును గాని, వాడుకొనుటకు కొంత, దాచుటకు కొంత, ఇతరులకు ఇచ్చుటకు కొంత అను మూడు పాళ్ల విభాగము ఏ ఇంటికైనను తగినదే.

మరికొన్ని జాగ్రత్తలు గలవు. ఇచ్చు దినము స్థిరముగా నుండవలెను. మార్కులకు కూలిగా ఇయ్యరాదు. అట్లు చేసిన చదువు బేరమగును. బిందెడు నీళ్లు తెచ్చినందుకు, చెల్లెలిని ఎత్తుకొన్నందుకు డబ్బు కట్టరాదు. ఇంటి పని ఇంటివారందరిది. తెలియక పిల్లవాడు పనికిమాలిన బొమ్మ కొన్నచో ఎగతాళి చేయరాదు. పది రూపాయల పొరపాటు పదియేండ్లప్పుడు జరిగిన, లక్ష రూపాయల పొరపాటు ముప్పదియేండ్లప్పుడు తప్పవచ్చును.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. అనేక గృహములలో కొడుకునకు అంగడి డబ్బు దొరకును, కూతురునకు ‘నీకెందుకే?’ అను మాట దొరకును. రేపు సంసారము నడపవలసినది ఆమెయే. పొదుపు సంఘములో సంతకము చేయవలసినదియు ఆమెయే. బాల్యమున పైసాను తన ఇష్టమున ఖర్చుచేసి ఎరుగని పిల్ల, పెద్దయైన పిదప తన కూలి డబ్బును తానే అడుగుటకు జంకును. కావున ఇచ్చినచో ఇద్దరికిని సమముగా ఇయ్యవలెను.

పెద్దల తప్పిదము ఒకటి కూడ ఉన్నది. చుట్టములు పిల్లల చేతిలో పెట్టిన డబ్బును, ‘ఇటు తే, దాచిపెట్టెదను’ అని తల్లి పుచ్చుకొనును. ఆ డబ్బు కూరలలోనో చీటీలోనో కలిసిపోవును. పిల్లలు మరచిరని పెద్దలు తలంతురు, పిల్లలు మరువరు. అవసరమునకు వాడుకొనుట నేరము కాదు. అడిగి తీసికొని, చెప్పిన నాటికి తిరిగి ఇచ్చినచో అప్పు అననేమో, మాట అననేమో బిడ్డకు బోధపడును. ఇయ్యనిచో, బలవంతుడు బలహీనుని డబ్బు తినవచ్చునను దుర్బోధ ఇంటిలోనే జరిగినట్లగును.

దాచుటకు మట్టి హుండీ మంచి ఆరంభము. తరువాత పోస్టాఫీసు ఉండనే ఉన్నది. తపాలా పొదుపు బ్యాంకు 1882 నుండి ఈ దేశమున చిన్న మొత్తములను స్వీకరించుచున్నది. పదియేండ్లు నిండిన బాలబాలికలు అచ్చట తమ పేరనే ఖాతా నడపుకొనవచ్చును. బ్యాంకులలోను ఆ వయస్సువారు, బ్యాంకు విధించు పరిమితులకు లోబడి, స్వయముగా పొదుపు ఖాతా నడపుటకు 2014లో రిజర్వు బ్యాంకు అనుమతించినది. తన పేరు అచ్చయిన పాసుపుస్తకమును చూచుకొను పిల్లవాని కన్నులలో వెలుగు వేరు.

చివరకు ప్రసంగము మొదలిడిన చోటికే రావలెను. ఈ గ్రంథాలయపు చందాపుస్తకములో తండ్రుల పేర్లున్నవి, తాతల పేర్లున్నవి. తాను మిగిల్చిన డబ్బుతో, తన చేతితో చందా కట్టి, తన పేరు వ్రాయించుకొను బాలుడో బాలికయో వచ్చిన దినము ఈ సంస్థకు రజతోత్సవమును మించిన పండుగ. ఊరక దొరికిన పుస్తకము చదువబడవచ్చును, చదువబడకపోవచ్చును. జీళ్లు మాని, ఐసు పుల్ల మాని కట్టిన చందాతో తెచ్చుకొన్న పుస్తకమును ఏ పిల్లయు మూలబడవేయదు. మొక్కై వంగనిది మానై వంగునా అందురు. మొక్కలు ప్రతి ఇంటను ఉన్నవి. వాటికి పోయవలసిన నీరు గుక్కెడే. ఆ గుక్కెడును వేళ తప్పక, కొలత తప్పక పోయు తల్లిదండ్రుల చేతులలో ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవము భద్రముగా నుండును.

స్వస్తి.