కడుపులో వ్యాధి, కాలిలో నొప్పి



చిట్యాలలో నేను ఉపాధ్యాయుడనై యుండిన కాలమున, 1994వ సంవత్సరమున, ఆఱేండ్ల బాలుడొకడు కుంటుచు బడికి వచ్చుచుండెను. అడిగినచో కాలు నొప్పి యనెను. కొన్నాళ్లకు నొప్పి రెండవ కాలికి మాఱెను. “నిన్న కుడికాలు, నేడు ఎడమకాలా?” యని గద్దించి, వానిని బల్లపై నిలువబెట్టితిని. పిమ్మట వాని కన్నుల చుట్టు, దెబ్బ తగిలినట్లు, నల్లని వలయములు ఏర్పడెను. తల్లి దిష్టి తీసెను. తుదకు హైదరాబాదులో వైద్యుడొకడు కాలితో పాటు కడుపును గూడ తడవి చూచెను. వ్యాధి అచ్చట నుండెను. అప్పటికే అది ఎముకలకు ప్రాకియుండెను. బాలుడు మరల బడికి రాలేదు.

ఆ వ్యాధికి న్యూరోబ్లాస్టోమా యని పేరు. మూత్రపిండముపై నుండు అడ్రినల్ గ్రంథియందో, వెన్నెముక ప్రక్కనుండు నాడులయందో తఱచుగా పుట్టును. అయిదేండ్ల లోపు పిల్లలకే ఎక్కువ. ఎముకలకు ప్రాకినచో కాళ్లనొప్పి, కంటిగూటికి ప్రాకినచో నల్లని వలయములు కలుగును. అరుదుగా కనుగ్రుడ్లు నిలుకడ లేక ఆడుచుండును. మఱి కొందఱికి ఎంతకును కట్టని విరేచనము లగును.

సుశ్రుతుడు అర్బుదమును గుండ్రనిది, కదలనిది, స్వల్పవేదన కలది, లోతుగా నాటుకొన్నది యని వర్ణించెను. విద్యార్థిదశలో ఆ లక్షణములను వల్లించితిని. కాని ఆ బాలుని యెడ అవి నాకు స్ఫురింపలేదు.

మూత్రపిండమున పుట్టు వేఱొక వ్యాధిని గూర్చి జర్మను శస్త్రవైద్యుడు మాక్స్ విల్మ్స్ 1899లో గ్రంథము వ్రాసెను. అది విల్మ్స్ ట్యూమరు. బిడ్డ ఆడుచునే యుండును. స్నానము చేయించు తల్లి చేతికి కడుపులో ఒక ప్రక్క గడ్డ తగులును. కొందఱికి మూత్రమున రక్తము, రక్తపుపోటు కనబడును. కంటిపాప చుట్టునుండు రంగు వలయము లేక పుట్టిన పిల్లలకును, ఒక ప్రక్క అవయవములు పెద్దవిగా పెరుగు పిల్లలకును ఈ వ్యాధి రాగల అవకాశము హెచ్చు. కాలేయమున పుట్టు హెపటోబ్లాస్టోమా అరుదుగా పసిబాలునకు అకాలయౌవన చిహ్నములు తెచ్చును.

భయపడవలదు. పిల్లల కాళ్లనొప్పులలో, కడుపునొప్పులలో మిక్కిలి భాగము సామాన్యములే. విల్మ్స్ ట్యూమరును తొలిదశలో గుర్తించి తగిన చికిత్స చేసినచో పదిమందిలో తొమ్మండ్రు వఱకు బ్రదుకుచున్నారు. కాని తగ్గని నొప్పిని, కారణము తెలియని వలయములను, కడుపు గడ్డను ఉపేక్షింపరాదు. గడ్డను మాటిమాటికి నొక్కరాదు, అది చిట్లవచ్చును. తైలమర్దనము, వాతలు పెట్టుట కూడదు. వెంటనే వైద్యునకు చూపి స్కానింగు చేయింపవలెను. 1953లో వెలసిన నీలోఫర్ పిల్లల ఆసుపత్రియు, 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు సంస్థయు హైదరాబాదుననే కలవు. చిట్యాల నుండి బస్సుదారి యున్నది.

ఉపాధ్యాయులకు ఒక్కమాట. బిడ్డ నొప్పి యన్నప్పుడు ముందుగా నమ్ముడు. నేను నమ్మియుండినచో ఆ బాలుడు బ్రదికెడివాడో కాదో చెప్పజాలను. ఆ కాళ్లతో బల్లపై మాత్రము నిలువవలసి వచ్చెడిది కాదు.