ఛాయాచిత్రము తీసిన పిమ్మట

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికపై నిలిచి పరీక్షాఫలితములనుగూర్చియు, హాజరునుగూర్చియు మాటలాడుట నాకు వాడుక. ఆ లెక్కలన్నియు నివేదికలో అచ్చయినవి. ఇంటివద్ద తీరికగా చదువుకొనవచ్చును. ఈనాడు నా మెడలో వ్రేలాడుచున్న ఈ నల్లని యంత్రమునుగూర్చి నాలుగు మాటలు చెప్పెదను. ఈ వయస్సులో హెడ్మాస్టరుగారికి ఈ సరదా యేమని మీలో కొందరు నవ్వుకొనుట నేనెరుగుదును. నేను ఈ విద్యలో పండితుడను గాను. పదియేండ్లు అభ్యసించి నడిమి తరగతికి చేరినవాడను. పై తరగతికి ప్రమోషను వచ్చునను ఆశ కూడ లేదు.

ఇది డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమేరా. నికాన్ డీ 3200 అను రకము. చెన్నపట్టణములో ఒకరు వాడి విడిచినదానిని కొంటిని. లెన్సుగుండ వచ్చిన వెలుగు లోపల ఏటవాలుగా నున్న అద్దముపై బడి, పైకి మరలి మన కంటికి చేరును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును. వెలుగు వెనుకనున్న గ్రాహకముపై బడును. ఆ టక్కుమను చప్పుడులో పెద్దపాలు అద్దముదే. 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ మొదటి డిజిటల్ కెమేరాను నిర్మించినప్పుడు ఒక్క చిత్రము క్యాసెట్టు టేపుపై ఎక్కుటకు 23 సెకండ్లు పట్టెను. 1991లో ఆ కంపెనీయే నికాన్ ఎఫ్ 3 కెమేరాకు డిజిటల్ భాగములను జోడించి విక్రయించినది. దానిలో బిందువులు 13 లక్షలు; నా పాత కెమేరాలో 2 కోట్ల 40 లక్షలు. ఇప్పుడు కంపెనీలు అద్దములేని కెమేరాలవైపు మొగ్గినవి గనుక ఈ అద్దపు కెమేరాలు పాత సరకుగా చవుకలో దొరకుచున్నవి. మనవంటి బడిపంతుళ్ళకు అది మేలే.

ఫోనున్నప్పుడు ఇదెందుకని అడుగుదురు. పగటివెలుగులో ఫోను చాలును. అందులో వాదము లేదు. కాని సాయంకాలము ఈ వేదికపై మీ అమ్మాయి నాట్యమాడునప్పుడు గ్రాహకము పెద్దదైన కెమేరాయే మేలు. చిత్తిరై నెలలో మన ఊరిలో అగస్తీశ్వరస్వామియు, కరికృష్ణ పెరుమాళ్ళును ఎదురుపడు సంబరమున నేను ఫ్లాషు వేయను. ఫ్లాషు వేసినచో దీపముల కాంతి చచ్చును; ముందున్నవారి వీపులు మాత్రమే తెల్లగా పడును. ఐ.ఎస్.ఓ. 3200కు పెంచి తీసెదను. చిత్రము కొంచెము గరుకుగా వచ్చిన వచ్చుగాక.

ఇక నేను చెప్పవలెనని వచ్చిన మాట వేరు.

2020 ఫిబ్రవరిలో ఇదే వార్షికోత్సవము జరిగినది. వేదిక ప్రక్కన ఒక తండ్రి మోకాళ్ళపై కూర్చుండి తన కుమార్తె కాళ్ళకు గజ్జెలు కట్టుచుండెను. నేతపనివాడు, ముడి వేయుటలో ఆయన వ్రేళ్ళకున్న నేర్పు చూచి ముచ్చటపడి ఒక చిత్రము తీసితిని. ఆయన తలయెత్తి నవ్వెను, మరియొకటి తీసితిని. మరుసటి యేడు వేసవిలో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు ఆయన కాలధర్మము చెందెను. బడులు తెరచిన పిదప ఆయన భార్య నా గదికి వచ్చినది.

"అయ్యవారూ, ఆ పొద్దు మా బిడ్డకు గజ్జెలు కడతా ఉంటే మీరు పటం తీసినారు గదా, అది ఇయ్యండి. ఆయనది ఆధార్ కార్డులో పటం తప్పితే ఇంట్లో ఇంకోటి లేదు" అన్నది.

ఆ చిత్రము నావద్ద లేదు. ఉత్సవమైన వారమునకే ఆటలపోటీలు వచ్చినవి. కార్డు నిండియున్నది. అన్నియు కంప్యూటరులోనికి ఎక్కించితిననుకొని, ఎక్కించకయే ఫార్మాటు చేసితిని. యంత్రదోషము కాదు, ఎవరి తప్పును కాదు, నాదే. ఆమెతో "లేదమ్మా" అని యంటిని. "ఇంకొక తూరి చూడండయ్యవారూ" అన్నది. చూచెదనంటిని. ఆ రాత్రి చూచితిని గూడ. లేదని తెలిసియే చూచితిని.

మీలో కెమేరా గలవారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. ఫార్మాటు చేసినంతమాత్రమున చిత్రములు సాధారణముగా వెంటనే నశింపవు. పుస్తకములోని విషయసూచిక చింపినట్లు వాటి జాబితా మాత్రమే పోవును. వాటిపై క్రొత్త చిత్రములు పడువరకు, దానికై యేర్పడిన సాఫ్ట్‌వేరుతో పలుమారు తిరిగి రప్పించుకొనవచ్చును. కావున పొరపాటు తెలిసిన క్షణముననే ఆ కార్డును తీసి ప్రక్కన పెట్టవలెను. నేను అప్పటికి ఆ కార్డును మూడుమార్లు నింపి యుంటిని.

నాటినుండి నా పద్ధతి మారినది. చిత్రములు రెండు చోట్ల చేరువరకు కార్డు ముట్టను: ఒకటి కంప్యూటరు, రెండవది బీరువాలో దాచు హార్డు డిస్కు. ముఖ్యమైనవాటిని మా తమ్ముని యింట మూడవ డిస్కులో గూడ ఉంచుచున్నాను. దొంగయు, వరదయు మన యింటికే వచ్చినచో రెండును ఒక్కటే బీరువాలో పోవును గదా. అంతకన్న ముఖ్యము, కాగితముపై అచ్చు వేయించుట. ఏడాదికి వేయి చిత్రములు తీసినను, 20 అచ్చు వేయించి ఎవరివి వారికి ఇచ్చుచున్నాను. వెనుక పేరులు తెలుగులో వ్రాయుదును. బాల్ పెన్నుతో నొక్కి వ్రాసినచో అక్షరములు ముందువైపు ఉబ్బును. మెత్తని పెన్సిలు మంచిది. పెన్సిలు పట్టని నున్నని కాగితమైనచో వేరు చీటిపై వ్రాసి కవరులో ఉంచుదును. జిగురు పుటల ఆల్బములను నమ్మకుడు. కొన్నేండ్లకు పసుపుబారి బొమ్మను పట్టుకొని వదలవు.

మన పదవ తరగతి సామూహిక చిత్రమునుగూర్చి కొంచెము. మన పిల్లలు తెల్లచొక్కాలు తొడిగి వరుసగా నిలువగా కెమేరా మోసపోవును. తెలుపు అధికముగానున్న దృశ్యమును బూడిదరంగుకు దింపజూచుట దాని స్వభావము. అందుచే చామనచాయ ముఖములు మరింత నల్లబడును. అట్టిచో వెలుగును ఒక మెట్టు పెంచి తీయవలెను. వేపచెట్టు క్రింద నిలుపుట మన అలవాటు గాని, ఆకుల సందులగుండ పడు ఎండ ముఖములపై మచ్చలు వేయును. భవనపు నీడయే మేలు. వరుసలు రెండు మూడైనచో లెన్సు ద్వారమును ఎఫ్ 8 వరకు కుదించినగాని వెనుకవారు స్పష్టముగా రారు.

కండ్లు మూయువారి సమస్య యుండనే యున్నది. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అను ఇరువురు దీనికి లెక్క కట్టిరి. 20 మందికి లోపైనచో, మంచి వెలుగులో తలలను మూడుచేతను, మందవెలుగులో రెండుచేతను భాగించి అన్ని చిత్రములు తీయవలెనట. అందొకటియైన అందరి కండ్లు తెరచినది దొరకుట దాదాపు నిశ్చయము. నవ్వించి ఆలోచింపజేయు పరిశోధనలకిచ్చు ఇగ్ నోబెల్ బహుమానము 2006లో వారికి లభించినది. ఈ యేడు మన పదవ తరగతిలో 18 మంది. నేను ఆరు తీసితిని, నాలుగవది కుదిరినది. నేను ఈ కెమేరా కొన్న యేడు మూడు వరుసలు నిలిపి, బల్లలు వేసి, ఆ సూత్రము పనికిరానంత గుంపును తీసితిని. ఇప్పుడు బల్లలతో పని లేదు.

మన ప్రాంతపు గాలినిగూర్చి చెప్పక తప్పదు. ఐప్పసి, కార్తిక మాసముల వానలలో కెమేరాను తోలుసంచిలో పెట్టి బీరువాలో మూసినచో లెన్సులో సాలెగూడువలె బూజు పాకును. నా మొదటి లెన్సు అట్లే పోయినది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచుడు. వారమునకొకసారి బయటికి తీసి నాలుగు చిత్రములు తీయుడు. బియ్యపు డబ్బాలో దాచుడని కొందరందురు. బియ్యపు పొడి లోనికి పోవును, వద్దు.

పులికాటు సరస్సుకు వెళ్ళువారు మరింత జాగ్రత్తగా నుండవలెను. మనకు 20 కిలోమీటరుల దాపుననే, అటు తిరుపతి జిల్లాలోనికి గూడ వ్యాపించియున్న సరస్సది. చలికాలమున ఫ్లెమింగోలు దిగును. ఉప్పుగాలిలో, ఇసుకలో లెన్సు మార్చవలసి వచ్చినచో గాలికి వీపు త్రిప్పి, కెమేరా ముఖము నేలకు వంచి మార్చుడు. ఇల్లు చేరగానే తడిపి పిండిన మెత్తని గుడ్డతో పైభాగము తుడువుడు. ఎగురు పక్షికి సెకండులో వేయవవంతు షట్టరు వేగము కావలెను. పక్షులు దూరముగా నున్నచో పడవవానిని తరుముమని తొందరపెట్టకుడు. బెదరి లేచిన పక్షి మేత విడచిపోవును. అక్కడనే డచ్చివారి పాత శ్మశానము గలదు. సమాధిశిలలపై చెక్కిన అక్షరములు మధ్యాహ్నపు టెండలో చదువరావు. ప్రాతఃకాలపు ఏటవాలు వెలుగులో లేచి నిలుచును. పాత శాసనములకైనను, మీ యింటి కొయ్యతలుపుపై చెక్కిన పేరునకైనను ఇదియే ఉపాయము.

చివరకొక విన్నపము. నా గదిలో గోడకొక పాత చిత్రము వ్రేలాడుచున్నది. క్రింద 1964 అనియు, బడి పేరును మాత్రమే తెలుగులో వ్రాసి యున్నవి. మూడు వరుసలు. ముందు కూర్చున్న ఉపాధ్యాయులలో ఇరువురిని పోల్చితిమి, పిల్లలలో ఏడుగురిని. మూడవ వరుసలో ఒక్కరును తెలియరైరి. దానిని కెమేరాతో తిరిగి తీసి, పెద్దదిగా అచ్చు వేయించి, గ్రంథాలయపు బల్లపై పరచితిని. ప్రక్కన పెన్సిలు గలదు. ఈ నెలలో ప్రతి శనివారము ఉదయము 10 గంటలనుండి నేనక్కడ నుండెదను. మీ యిండ్లలోని తాతలను, అవ్వలను తోడ్కొని రండు. కంటిచూపు మందగించినవారికి భూతద్దము సిద్ధము చేసితిని.