చికెన్‌ను ఫ్రీజర్‌లో భద్రపరచడం



ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. సివిల్ సర్వీసుల పరీక్షలకు తయారయ్యే మన తెలుగు విద్యార్థులు ఎందరో అక్కడి ఇరుకు గదుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటారు. అలాంటి ఒక గదిని ఊహించుకోండి. అందరికీ కలిపి ఒకే చిన్న ఫ్రిజ్. ఆదివారం కిలో చికెన్ తెచ్చి సగం వండుతారు, సగం ఫ్రీజర్‌లో పెడతారు. ఈనాటి మన పాఠం ఆ రెండు సగాల గురించి.

ముందుగా ఒక ప్రశ్న. గడ్డకట్టిస్తే బాక్టీరియా చచ్చిపోతుందా? అవునని చాలామంది అనుకుంటారు. నిజానికి మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని పెరుగుదల ఆగిపోతుంది, అంతే. పచ్చి కోడిమాంసంలో ఉండగల సాల్మొనెల్లా వంటివి చాలావరకు బతికే ఉండి, మంచు కరిగి వెచ్చబడగానే మళ్లీ వృద్ధి చెందుతాయి. అంటే లోపల పెట్టక ముందు, బయటకు తీశాక మనం ఏం చేస్తామన్నదే ముఖ్యం.

5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా పెరుగుతుంది. అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. లెక్క వేయండి: రెండు గంటల్లో ఒకటి 64 అవుతుంది. అందుకే వండిన కూరను రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఢిల్లీ మే నెల ఎండల్లో గంటే గడువు. రాత్రి తొమ్మిదికి తిని, చదువులో పడి, ఒంటిగంటకు గిన్నె గుర్తుకొస్తే? “మళ్లీ మరిగిస్తే సరి” అంటారు. సరికాదు. స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా విడుదల చేసే విషం మరిగించినా పోదు. ఆ కూర పారేయవలసిందే, ఎంత బాధ కలిగినా.

కూరను లోతు తక్కువ డబ్బాల్లో సర్దితే త్వరగా చల్లారుతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల వద్ద మూడు నాలుగు రోజులు ఉంటుంది. పచ్చి మాంసమైతే ఒకటి రెండు రోజులే. దానిని కడగకండి, ఆ తుంపరలు పక్కనున్న పళ్లేల మీద పడతాయి. ఒక పూటకు సరిపడేలా పొట్లాలు కట్టి, గాలి తీసేసి, పలుచగా పరచండి. పలుచని పొట్లం త్వరగా గడ్డకడుతుంది, మంచు స్ఫటికాలు చిన్నవిగా ఏర్పడతాయి. నిదానంగా గడ్డకడితే పెద్ద స్ఫటికాలు కణాలను చీల్చి మాంసంలోని రసమంతా కారిపోతుంది. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ లాబ్రడార్ చలిలో చేపలు క్షణాల్లో గడ్డకట్టడం చూసి, 1920లలో ఈ సూత్రంతోనే పరిశ్రమ స్థాపించాడు.

సరైన ఫ్రీజర్‌లో పచ్చి ముక్కలు నెలల తరబడి ఉంటాయి. కానీ ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని మంచు అర చాలాసార్లు మైనస్ 18కి చేరదు. అక్కడ వారం పది రోజుల్లో వాడేయడమే మేలని నా సలహా.

తీసేటప్పుడు గట్టుమీద పెట్టకండి. ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో, గిన్నెలో ఉంచండి. తొందరైతే నీరు చొరని సంచిలో చన్నీళ్లలో ముంచి, అరగంటకొకసారి నీళ్లు మార్చి, వెంటనే వండండి. ముక్క లోపల 74 డిగ్రీలు చేరాలి.

దసరాకు ఇంటికి వెళ్లేటప్పుడు ఒక గ్లాసు నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగివచ్చాక నాణెం అడుగున ఉందా? మీరు లేనప్పుడు కరెంటు పోయి, అంతా కరిగి, మళ్లీ గడ్డకట్టింది. ఆ చికెన్ పారేయండి.