హలో, ఎవరైనా ఉన్నారా?



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటు చేశారో ఆ మాస్టారు, ఫిల్మ్ సొసైటీ నడిపిన రోజుల్లో బొమ్మ పడగానే హాలు తలుపులు వేయించేవారు. ఆలస్యంగా వచ్చినవాడు ఎంతటివాడైనా వరండాలో నిలబడాల్సిందే. "మొదటి పది నిమిషాలు పోగొట్టుకున్నవాడికి మిగిలేది కథేరా, సినిమా కాదు" అనేవారు. టార్చిలైటు వెలుగులో పక్కవాళ్ల కాళ్లు తొక్కుతూ సీటు వెతుక్కునే జాతి మనది. దాంతో కొందరు అలిగి చందా మానేశారు కూడా. ఆయన మాత్రం తలుపు తీయించలేదు.

అందుకే ఇవాళ ఒక సినిమా మొదటి ఘట్టం దాటి ముందుకు వెళ్లను. 2002లో వచ్చిన '28 డేస్ లేటర్'. తీసింది డానీ బాయిల్, రాసింది అలెక్స్ గార్లాండ్.

తెర మీద ముందు కనిపించేవి అల్లర్లు. జనం కొట్టుకుంటుంటారు, వీధులు తగలబడుతుంటాయి. టీవీ వార్తల్లో రోజూ చూసేదే గదా అని మనం కుర్చీలో సర్దుకునేలోగా, వాటిని చూస్తున్న ఇంకో ప్రేక్షకుడు బయటపడతాడు. బల్లకు కట్టేసిన చింపాంజీ! చుట్టూ టీవీలు పెట్టి దానికి అదంతా చూపిస్తున్నారు. అది కేంబ్రిడ్జ్‌లోని ఒక ప్రయోగశాల. జంతువులను విడిపించాలని కొందరు యువకులు రాత్రిపూట చొరబడతారు. అక్కడి శాస్త్రవేత్త బతిమాలుతాడు: వాటికి అంటురోగం ఉంది, వదలొద్దు అని. ఏం రోగమని అడిగితే అతను చెప్పేది ఒకే మాట, 'రేజ్'. తెలుగులో దీనికి మాటలకేం కరువు లేదు. కోపం, ఆగ్రహం, ఉక్రోషం, రౌద్రం. నన్నడిగితే క్రోధం అంటాను. అరిషడ్వర్గంలో రెండోది. ఆరింటిలోనూ అంటువ్యాధి లక్షణం దీనికున్నంతగా మరి దేనికీ లేదు.

ఇక్కడ ఒక సంగతి మీరు పట్టుకోవాలి. బోను తలుపు తెరిచింది దుర్మార్గుడు కాదు. జాలిపడిన ఒక అమ్మాయి. ఆ జాలే ఆమె మీదకు దూకి కరిచింది.

తర్వాత తెర మీద '28 రోజుల తర్వాత' అని పడుతుంది. ఆసుపత్రి మంచం మీద జిమ్ కళ్లు తెరుస్తాడు. సైకిల్ మీద కొరియర్ సరుకులు చేరవేసే కుర్రాడు, వేసింది కిలియన్ మర్ఫీ. గది తలుపుకు తాళం. తాళంచెవి మాత్రం గదిలోపలే, నేలమీద, తలుపు సందులోంచి తోసినట్టు పడి ఉంది. ఎవరు తోశారో సినిమా చెప్పదు. నర్సో, డాక్టరో, పారిపోతూ పారిపోతూ ఒక్క క్షణం వంగారన్నమాట. ఇదీ జాలే. మొదటి జాలి దేశాన్ని ముంచితే, రెండోది ఒక ప్రాణం నిలబెట్టింది. రెండింటినీ ఒకే ఘట్టంలో పెట్టి ఏమీ ఎరగనట్టు ఊరుకున్నారు చూడండి, అక్కడ గార్లాండ్‌కు దణ్ణం పెట్టాలి.

ఆసుపత్రిలో మేలుకుని పాడుబడ్డ లోకంలోకి నడవడం కొత్త ఎత్తుగడేం కాదు. జాన్ విండమ్ 1951 నాటి నవల 'ది డే ఆఫ్ ద ట్రిఫిడ్స్' అలాగే మొదలవుతుంది. ఆ రుణం గార్లాండ్ దాచుకోలేదు. తేడా ఏమిటంటే, నవలలో కథానాయకుడికి తెలియనిది మనకూ తెలియదు. ఇక్కడ మనకు తెలుసు, జిమ్‌కు తెలియదు. దాంతో జిమ్ "హలో!" అని అరిచినప్పుడల్లా మన గుండె జారుతుంది. మనిషి మనిషిని పిలిచే మొదటి మాట అది. పలకొద్దు, ఎవరూ పలకొద్దు అని మనం లోలోపల మొక్కుకుంటాం.

బయట లండన్‌లో, వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద బొమ్మల దుకాణం సరుకు చెల్లాచెదురుగా పడి ఉంటుంది. చిన్న చిన్న బిగ్‌బెన్‌లు. వెనకాల అసలు గడియార స్తంభం. జిమ్ వాటి మీదుగా నడుస్తాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో శీతల పానీయం డబ్బాలు. దారిలో నోట్ల కట్టలు కనిపిస్తే వంగి ఏరుకుంటాడు. కొనడానికి కొట్టు లేదు, అమ్మడానికి మనిషి లేడు, ఏరుకునే అలవాటు మాత్రం పోలేదు. హాల్లో అందరూ నవ్వుతారిక్కడ. అంతలో అతను ఒక కారును తాకితే అలారం మోగుతుంది. నవ్వినవాళ్లే ఉలిక్కిపడతారు.

ఇదంతా చీకట్లో కాదు, లేత ఎండలో. వేసవి తెల్లవారుజామున కొద్ది నిమిషాలపాటు వాహనాలను ఆపి, ఆ సందులో గబగబా తీసుకున్నారు. ఛాయాగ్రాహకుడు ఆంథొనీ డాడ్ మాంటిల్ వాడింది కానన్ ఎక్స్‌ఎల్1, టేపు మీద తీసే చిన్న వీడియో కెమెరా. ఆ రోజుల్లో మన పెళ్లి వీడియోల వాళ్ల కెమెరాకు మేనత్త కొడుకు వరస. నాలుగైదు చోట్ల పెట్టేసి ఒకేసారి తీసి సర్దేసుకోవచ్చు. దూరపు భవనాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఇదేం నాసిరకం బొమ్మ అని నేనూ విసుక్కున్నాను. ఇప్పుడైతే ఆ పలచని బొమ్మే నిజం వార్తలా భయపెడుతోంది. కింద కెనడా బృందం గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ వాద్యం, ముందు వినిపించీ వినిపించనట్టు మొదలై మెల్లగా పైకి ఎగబాకుతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు అచ్చం ఆ సినిమాలా ఉందని చాలామంది అన్నారు. నేను మా బాల్కనీలో నిలబడి చూశాను. రోడ్డు ఖాళీ, నిజమే. కానీ పదకొండు గంటలకల్లా పై అంతస్తులో కుక్కర్ కూత వేసింది. ఎదురింట్లో టీవీ, పక్కింట్లో పిల్లాడి ఏడుపు. ఖాళీ అయింది వీధే గాని ఊరు కాదు. బాయిల్ లండన్‌లో ఆ కుక్కర్ కూత లేదు. మహాభారతంలో మౌసల పర్వం చదివినవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. కృష్ణుడు పోయాక అర్జునుడు ద్వారకకు వస్తాడు. మేడలన్నీ నిలబడే ఉంటాయి, పోయింది ఊరే.

చివరికి జిమ్ ఒక చర్చిలోకి వెళతాడు. కింద బల్లల మధ్య గుట్టలుగా శవాలు. పైనుంచి చూసి, అలవాటు కొద్దీ మళ్లీ అదే మాట. "హలో?"

శవాల మధ్యనుంచి రెండు తలలు లేచి అతనివైపు తిరుగుతాయి.

ఇప్పుడు ఆ ముక్క వేస్తారు. తలుపులు వేయమని కుర్రాళ్లకు చెప్పాను.