రాచ్‌డేల్ పట్టణమున బాలెంతల రక్షణము
(ఉపన్యాస పాఠము)



సహకార సంఘముతో పరిచయము గల గ్రామములకు రాచ్‌డేల్ పేరు క్రొత్త కాదు. ఇంగ్లండు దేశమున, లాంకషైరు మండలమున, నూలుమిల్లుల నడుమనున్న ఆ పట్టణమునందే 1844లో కొందరు నేతగాండ్రును ఇతర కార్మికులును చేరి, తలకొక పౌను వాటాతో సహకార దుకాణము తెరచిరి. కాలక్రమమున లాభములో నూటికి రెండున్నర పాలు విద్యకు కేటాయించి పఠనమందిరమును గ్రంథాలయమును గూడ నడపిరి. గ్రంథాలయోత్సవమున ఆ యూరిని తలచుకొనుటకు ఇంతమాత్రము చాలును. కాని నేటి ప్రసంగము దుకాణమును గూర్చినది కాదు. తొంబది యేండ్ల తరువాత అదే పట్టణము తన బాలెంతల చావులను లెక్కించుకొని సిగ్గుపడిన కథ యిది.

మొదటి ప్రపంచయుద్ధము ముగియనున్న 1918లో అచ్చట మాతాశిశు సంక్షేమ చట్టము వెలువడెను. స్థానిక సభలు ఈ పనికై సంఘములను ఏర్పరచవలెననియు, వానిలో స్త్రీలు ఇద్దరికి తక్కువ కారాదనియు అందలి నియమము. బిడ్డ పుట్టిన 36 గంటలలో ఆరోగ్యాధికారికి తెలుపుట 1915 నుండియే విధిగా నుండెను. ఆ వార్త అందగనే ఆరోగ్య సందర్శకురాలు గడప త్రొక్కును. అధికారము చూపిన తలుపులు మూసికొనును గదా! అందుచేత ఆమె పొయ్యి ప్రక్కన కూర్చుండి, కుశలమడిగి, పాలసీసాను పరిశీలించి, మాటలలో మాటగా శుభ్రతను నేర్పెడిది. శిశుకేంద్రమునందు బిడ్డలను తూచి, తక్కువ వెలకు పాలపొడి యిచ్చుచుండిరి.

1900లో పుట్టిన వేయిమందిలో సుమారు 150 మంది శిశువులు ఏడాది నిండకుండ గతించుచుండగా, 1930 నాటికి ఆ సంఖ్య 60కి దిగెను. ఇదంతయు కేంద్రముల చలువయే యనుట అతిశయోక్తి యగును. మంచి నీరు, మురుగు కాల్వలు, చిన్న సంసారములు కూడ తోడ్పడినవి.

తల్లుల సంగతి వేరు. యుద్ధమునకు ముందు వేయి కాన్పులకు సుమారు నలుగురు తల్లులు మరణించుచుండిరి. 1934లోను నలుగురికి పైగానే మరణించిరి. బిడ్డ దక్కుచున్నది, తల్లి దక్కుటలేదు. దీనికి దారిద్ర్యమే కారణమని పెద్దలు మొదట తలచిరి. కాని 1930-32 సంవత్సరముల లెక్కలలో పేదల ఇండ్లకంటె సంపన్నుల ఇండ్లలోనే ఈ మరణములు కొంచెము హెచ్చుగా కనబడెను! లోపము కాన్పు జరుపు చేతులలో నుండెను. ఓపిక పట్టక ఫోర్సెప్సు అను పట్టుకారుతో బిడ్డను లాగు వైద్యులు కొందరు. చీముపుండ్ల రోగిని చూచిన చేతులతోనే పురిటి గదికి వచ్చువారు కొందరు. అట్టి చేతుల వెంటనే సూతికా జ్వరము వచ్చుచుండెను. తెలుగు పల్లెలలో దోషమంతయు మంత్రసానిపై మోపుట వాడుకగా నుండెను. అచ్చట పట్టభద్రులైన వైద్యులును ఆ నిందలో పాలు పంచుకొనవలసి వచ్చెను.

సుమారు 90 వేల జనముగల రాచ్‌డేల్‌లో 1930 ప్రాంతమున ఈ మరణములు వేయికి దాదాపు 9. దేశపు సగటుకు రెట్టింపు! అనగా ఏటా పదిమంది ఇల్లాండ్రు. ఆరోగ్యాధికారి ఆండ్రూ టాపింగ్ ఈ సంఖ్యను దస్త్రములలో దాచక ప్రజల ముందుంచెను. సభలు జరిగెను, పత్రికలు వ్రాసెను. గర్భిణులు ముందుగానే పరీక్షకు రావలెనని ఇంటింట చెప్పించిరి. పరీక్షాకేంద్రమును చక్కబరచిరి. కష్టమైన కాన్పునకు నిపుణుని సలహా ఏర్పరచిరి. వైద్యులును మంత్రసానులును ఒకరి మాట ఒకరు వినునట్లు చేసిరి. అన్నింటిలో కష్టమైనది బహుశః ఇదియే. గొప్ప ధనవ్యయము జరుగలేదు. మిల్లులు మూతపడి కార్మికులు పనిలేక పస్తులున్న ఆ రోజులలోనే, 1934 నాటికి, మరణములు వేయికి 2 కంటె తక్కువకు దిగెను. చిన్న ఊరి లెక్కలో ఒకటి రెండేండ్ల అదృష్టము కలిసిరావచ్చును. అయినను ఇంతటి మార్పును అదృష్టమని త్రోసివేయుట తగదు.

దేశమంతట ఈ మరణములు వేగముగా తగ్గుట 1936 తరువాతి మాట. జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ వెల్లడించిన ప్రాంటోసిల్ అను ఎర్రని మందును లండనులోని క్వీన్ షార్లెట్ ఆసుపత్రిలో లెనార్డ్ కోల్‌బ్రూక్ సూతికా జ్వరముపై ప్రయోగించి చూచెను. చావు తప్పదనుకొన్న తల్లులు లేచి కూర్చుండిరి. ఆ సంవత్సరముననే మంత్రసానుల చట్టము వచ్చెను. అంతవరకు మంత్రసాని బ్రతుకు కాన్పునకింత యను కూలిపై నడచెడిది. ఒక ఇంట ఆలస్యమైనచో మరియొక ఇంటి రాబడి పోవును. ఇక ఓపిక ఎక్కడిది? చట్టము ఆమెకు నెలజీతము ఏర్పాటు చేసి, రాత్రియంతయు ఒక్క తల్లి మంచము ప్రక్కనే కూర్చుండుటకు వీలు కలిగించెను. వయసు మళ్లిన మంత్రసానులను ఊరక తొలగింపలేదు. పరిహారమిచ్చి, విశ్రాంతికి పంపిరి.