పీఈకి పంచాంగం లేదు

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికో, ఆ మాస్టారు మాకు అకౌంట్స్ చెప్పారు. షేరు కొంటానన్న శిష్యుణ్ని ఆయన అడిగేది ఒక్కటే: "ఎంత సంపాదించే కంపెనీకి ఎంత ఇస్తున్నావురా?" ఇప్పుడు మనం పీఈ అంటున్నది, అంటే లాభానికి ఎన్ని రెట్లు ధర అన్నది, అదే. ఆ ప్రశ్న ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెబుతాను.

2008 జనవరి 8న సెన్సెక్స్ 20,873 దగ్గర ముగిసింది. ఆ నెలలోనే రిలయన్స్ పవర్ పబ్లిక్ ఇష్యూకి జనం ఎగబడ్డారు. 2009 మార్చి 9 నాటికి సెన్సెక్స్ 8,160. పద్నాలుగు నెలల్లో దేశంలోని ఫ్యాక్టరీలు అరవై శాతం మూతపడలేదు కదా! రూపాయి లాభానికి జనం ఇవ్వజూపే ధర పడిపోయింది, అంతే.

ఊహకే ఒక లెక్క వేద్దాం. లాభాలు ఏటా 10 శాతం పెరుగుతాయి, డివిడెండు 1 శాతం వస్తుంది. 24 పీఈ దగ్గర కొన్నాం, పదేళ్లకు అది 16కి దిగింది. ఆ దిగుడే ఏటా 4 శాతం తినేస్తుంది. మిగిలేది 7, దానికి ఎఫ్‌డీ చాలు. అవే కంపెనీలను 12 దగ్గర కొంటే డివిడెండు 2 అవుతుంది, పీఈ 16కి ఎక్కడం ఇంకో 3 ఇస్తుంది. మొత్తం 15. (పాత సగటులతో పోల్చేవాళ్లకు చిన్న హెచ్చరిక: 2021 మార్చి 31న ఎన్‌ఎస్‌ఈ, కంపెనీల అనుబంధ సంస్థల లాభాలనూ కలిపి లెక్కించడం మొదలుపెట్టగానే నిఫ్టీ పీఈ 40 నుంచి 33కి దిగింది. ధరలు మాత్రం అక్కడే ఉన్నాయి.)

లెక్క ఇంత సులువైతే మందకు ఎదురు నడిచినవాళ్లంతా కోటీశ్వరులే కావాలి. 1996 డిసెంబరు 3న ఆర్థికవేత్తలు రాబర్ట్ షిల్లర్, జాన్ క్యాంప్‌బెల్ అమెరికా ఫెడరల్ రిజర్వ్ పెద్దల ముందు మార్కెట్ ఖరీదైపోయిందని వాదించారు. వాళ్లది ఒక్క ఏడాది లాభం చూసే కొలత కాదు, ద్రవ్యోల్బణం సవరించిన పదేళ్ల సగటు. అప్పుడు ఎస్ అండ్ పీ 500 సూచీ 745 దగ్గరుంది. 2000 మార్చికి 1,500 దాటింది. తర్వాత బుడగ పగిలింది, 2002 అక్టోబరులో అట్టడుగున ముగిసింది 776 దగ్గర! హెచ్చరిక విని మొత్తం అమ్మేసినవాడికి తన పాత ధర 2009 దాకా మళ్లీ సరిగా చిక్కలేదు. పన్నెండేళ్లు తోడల్లుడి లాభాలు వింటూ ఓపిక పట్టడం మాటలా?

అందుకే నేను ఖరీదని తోచినప్పుడు ఉన్నవి అమ్ముకుని బయటపడను. కొత్త డబ్బు బ్యాంకులో వేస్తాను. జనం షేర్ల పేరెత్తడం మానేసిన రోజుల్లో ఆ డబ్బు కొద్దికొద్దిగా అటు మళ్లిస్తాను. ఇందులో తెలివికంటే పిరికితనమే ఎక్కువ, ఒప్పుకుంటాను.

చౌక అన్న మాటకూ భయపడాలి. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ తన ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనబోయిన వ్యవహారం బయటపడి షేరు కూలినప్పుడు, మంద పారిపోతోందని ఎదురెళ్లి కొన్నవాళ్లు ఈ సభలోనూ ఉండవచ్చు. జనవరి 7న లెక్కలు తప్పని ఒప్పుకుంటూ ఆ ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం వచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. ఒక్కరోజులో షేరు ముప్పాతిక వంతు పైగా కరిగింది. మాస్టారి ప్రశ్నలో "ఎంత ఇస్తున్నావు" అన్నదానికి కొన్నవాళ్లందరి దగ్గరా జవాబుంది. "ఎంత సంపాదించే" అన్నదానికి కంపెనీ అచ్చేసిన అంకె తప్ప మరేమీ లేదు.