కుండీలోని పూలమొక్క: కొన్ని చిక్కులు

పట్టణములలో పెరడు గల యిండ్లు నానాటికి తగ్గుచున్నవి. పెరడు పోయినను పూలమొక్క మీది మమకారము మనకు పోలేదు. అది మేడమెట్ల మీదికి, వరండాలోనికి, డాబా పిట్టగోడ ప్రక్కకు చేరి కుండీలో కాపురము పెట్టినది. నేలలోని మొక్క తన తిప్పలు తాను పడగలదు. పైన నీరు చాలనిచో వేరును లోతునకు పంపును. ఒక ప్రక్క బండ యడ్డమైనచో మరియొక ప్రక్కకు మరలును. కుండీలోని మొక్కకు ఆ స్వేచ్ఛ లేదు. దాని లోకమంతయు జానెడు మట్టియే. కావున దానికి వచ్చు జబ్బులలో పెక్కు మన చేతి చలువ వలన వచ్చినవేయని చెప్పుటకు నేను సంకోచింపను. ఆ దోషులలో నేనును ఒకడను.

మా అక్కగారు తన కడపటి వేసవిలో, పెరటి మల్లెపొద నుండి ఒక కొమ్మను అంటుతొక్కి, వేళ్లు పట్టిన పిమ్మట నాకిచ్చినది. ఆమె పోయిన కొలది నెలలకే ఆ మల్లె ఆకులు పసుపుబారి, కొమ్మలు వాలిపోజొచ్చినవి. నాకు భయము పుట్టినది. ఉదయము ఒక చెంబు, సాయంకాలము ఒక చెంబు నీరు పోసితిని. మరింత వాలినది. చూచిన వారందరును "ఎండకు తట్టుకోలేకపోతోంది, ఇంకా నీళ్లు పొయ్యండి" అన్నవారే. పోసితిని. తుదకొక ఆదివారమునాడు కుండీని ప్రక్కకు ఒరిగించి మొక్కను మట్టితో సహా వెలికి తీసితిని. మురుగుకాలువ వాసన కొట్టినది. వేళ్లు నల్లబడి, పట్టి లాగగా పైతోలు ఊడి చేతికి వచ్చినది. కుండీ అడుగు సిమెంటు గచ్చునకు అంటుకొని యుండుటచే క్రింది రంధ్రము బురదతో పూడిపోయినది.

ఇందలి మర్మమును కొంత వివరింపవలెను. వేరునకు నీరెంత యవసరమో గాలియు నంత యవసరము. మట్టిరేణువుల నడుమ ఖాళీలన్నియు నీటితో నిండినపుడు ప్రాణవాయువు అందక వేరు కుళ్లును. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు. అందుచే నీటి నడుమ నిలిచియు మొక్క దాహముతో వాడును. దాహము వలన వాడిన మొక్కయు, నీరెక్కువై వాడిన మొక్కయు చూచుటకు ఒక్కతీరుగనే యుండును. రెంటికిని భేదము తెలిసికొను సాధనము మీ చూపుడువ్రేలు. దానిని రెండు కణుపుల వరకు మట్టిలోనికి దింపుడు. పొడిగానున్నచో క్రింది రంధ్రము నుండి కారునంత వరకు నీరు పోయుడు. తడిగానుండియు మొక్క వాడుచున్నచో చెంబు క్రింద పెట్టుడు. మిట్టమధ్యాహ్నము తలవాల్చి, పొద్దు వాలగనే లేచు మొక్కకు జబ్బేమియు లేదు.

కుండీని గచ్చుపై నేరుగా పెట్టక రెండు ఇటుకముక్కల మీద నిలుపుడు. రంధ్రము మీద బోర్లించిన పెంకుముక్క యొక్కటి చాలును. అడుగున మందముగా కంకర పరచినచో నీరు బాగుగా దిగునని మన పెద్దలు చెప్పెడివారు. నేనును చాలకాలము నమ్మితిని. నిజమునకు మెత్తని మట్టిలోని నీరు కంకర యంచున ఆగి నిలుచును. వేళ్లకు మిగులు చోటు తగ్గుటయే ఫలితము.

రాజమహేంద్రవరమునకు చేరువనున్న కడియము ప్రాంతపు నర్సరీల నుండి మొక్కలు తెచ్చుకొనువారు మరియొక సంగతి గమనింపవలెను. ఆ మొక్క వేళ్ల చుట్టును గోదావరి ఒండ్రుమట్టి ముద్ద యుండును. దూరప్రయాణమునకు అది మంచిదే. కాని దానినట్లే కుండీలో పెట్టి చుట్టును వదులైన మట్టి పోసినచో, ముద్ద ఎండి రాయివలె బిగియును. మీరు పోసిన నీరు దాని ప్రక్కగా జారి క్రిందికి పోవును. నాటుటకు ముందు ముద్దను నీట నానబెట్టి, పైపొరను వ్రేళ్లతో మెల్లగా విడదీయుడు.

ఆకు పసుపుబారుట యన్నది ఒక్క జబ్బు కాదు. క్రింది ముదురాకులు సమముగా పసుపుబారుచో సాధారణముగా నత్రజని లోపము. బాగుగా మాగిన పశువుల యెరువు పిడికెడు వేసిన తీరును. పచ్చిపేడ మాత్రము వలదు, వేళ్లు మాడును. పై లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా మిగిలినచో అది ఇనుము అందనందువలన. సున్నపు పాలు హెచ్చుగా గల బోరునీరు పోయు ఇండ్లలో ఇది తరచు కానవచ్చును. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంకాలము ఆకులపై చల్లవలెను.

మందారపు మొగ్గల చెంత తెల్లని పిండి వంటిది కనిపించినచో అది పిండినల్లి. చీమలు బారులు తీరి యెక్కుచున్నచో అనుమానింపుడు. ఆ పురుగు విసర్జించు తీపిరసమునకై చీమలు దానిని కాపాడును. ముందు నీటిధారతో కడిగి, పిదప లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి చల్లుడు. వారము విడిచి మరల చల్లవలెను.

ఇక చేమంతి. ఏపుగా పెరిగి, ఎరువు తిని, పురుగు లేక, పూయకుండు చేమంతులు కలవు. అటువంటి యింటికి పోయినపుడు నేను మొక్కను గాక పైకప్పును చూతును. పగటి నిడివిని బట్టి కొన్ని మొక్కలు పూయుననియు, కొన్ని మానుననియు అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అను శాస్త్రజ్ఞులు 1920లో వెల్లడించిరి. లెక్కకు వచ్చునది పగలు కాదు, ఎడతెగని చీకటియని 1938లో హామ్నర్, బానర్ అనువారు తేల్చిరి. మన హైదరాబాదులో జూన్ నెలలో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు. రాత్రి పెరుగుచున్న దినములలో చేమంతి మొగ్గ తొడుగును. వరండా దీపము రాత్రియంతయు దానిపై వెలుగుచున్నచో చేమంతికి ఆ దీర్ఘరాత్రి రానే రాదు. పూలను ఆలస్యము చేయదలచిన సాగుదారులు తోటలలో దీపములు వెలిగించునది ఈ కారణము చేతనే. కావున భాద్రపదము నుండియే కుండీని చీకటి మూలకు మార్చి, పగలు మాత్రము ఎండ తగులనిండు.

మల్లెకు దీపముతో పేచీ లేదు. దానికి కావలసినవి ఎండ, కత్తెర, కొంత కాలము పస్తు. నవంబరు, డిసెంబరు నెలలలో నీరు తగ్గించి, ఆకులు రాలిన పిదప కొమ్మలు కత్తిరించి, మరల ఎరువు, నీరు ఇచ్చినచో వేసవికి పూచును. కత్తిరించుటకు చేయాడనివారికి ఆకులు దక్కును.

నా మల్లె సంగతి చెప్పలేదు. కుళ్లిన వేళ్లు కోసి, అందుకు తగినట్లు కొమ్మలు కురచచేసి, ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు సమపాళ్లలో కలిపి చిన్న కుండీలో నాటి నీడనుంచితిని. మూడు కొమ్మలలో రెండు ఎండినవి. మూడవది మూడు వారములకు చిగిర్చినది. ఆ వేసవిలో పూయలేదు. మరుసటి ఫాల్గుణములో ఎనిమిది మొగ్గలు వేసినది. ఈ యేడు దాని కొమ్మ నొకదానిని ప్రక్క కుండీలోనికి వంచి అంటుతొక్కితిని. వేళ్లు పట్టినచో మా మేనకోడలికి పంపవలెను. కుండీ క్రింద పెట్టుటకు రెండు ఇటుకముక్కలను గూడ.